నాలుగో నంబరు రోగి

కువైట్‌లో పడుకున్నందుకు జీతం తీసుకునేది బహుశా నేనొక్కణ్నే. నమ్మకపోతే మిర్కాబ్ వచ్చి చూసుకోవచ్చు. కింద మనీ ఎక్స్ఛేంజి, దాని పక్కన మలయాళీ టీ కొట్టు, పైన మూడో అంతస్తు. ఓడల మీద పనిచేసే ఆఫీసర్లకు వైద్యం నేర్పే ట్రైనింగ్ సెంటర్ అది. అందులో రోగిని నేను.

సరుకు మోసే ఓడల్లో డాక్టరు ఉండడు. ఎవడికైనా చెయ్యి తెగినా, గుండె పట్టేసినా మందుల బీరువా తాళంచెవి ఉన్న ఆఫీసరే దిక్కు. ఓడకు దారి చూపేవాడే కుట్లూ వెయ్యాలి, సూదీ పొడవాలి. తనకు తెలియనిది ఉంటే ఒడ్డున ఉన్న డాక్టరును రేడియోలో పట్టుకుని, రోగి సంగతి చెప్పి, ఆయన చెప్పినట్టు చెయ్యాలి. ఈ పని నేర్చుకుని పరీక్ష పాసైనట్టు సర్టిఫికెట్ చూపిస్తేనే ఆ తాళంచెవి చేతికిస్తారు.

ఏడేళ్ళుగా నాకు రాని రోగం లేదు. ఆదివారం మలేరియా వస్తుంది, సోమవారం తొడ ఎముక విరుగుతుంది, మంగళవారం గుండెపోటు. ఫర్వానియాలో బస్సెక్కేటప్పుడు మామూలు లాల్ బాషాను, మిర్కాబ్‌లో దిగేసరికి ఇక బతకనేమో అన్నట్టుంటాను. రాయచోటిలో ఆరో తరగతి దాటలేదు నేను. బల్ల మీద పడుకుని, నా పొట్ట నొక్కే చెయ్యి తెలిసిన చెయ్యో కాదో చెప్పగలను. కాగితం ఉన్నవాళ్ళెవరూ అది నన్నడగలేదు, అది వేరే సంగతి. నా పొట్ట నొక్కి కాగితం తీసుకుని పోయినవాళ్ళు మూడొందల మంది ఉంటారు. నాకు మాత్రం ఏ కాగితమూ లేదు.

సెంటర్లో ఇంకో పని కూడా నాదే. కోర్సు జరిగే వారంలో సోమవారం పొద్దున్నే డ్రైవరుతో కబ్ద్ వెళ్ళి, అక్కడి ఫారాల్లో గొర్రె కాళ్ళు తెస్తాను. కుట్లు వెయ్యడం వాటి మీదే నేర్చుకుంటారు. డాక్టరు అష్రఫ్ ఈజిప్టు మనిషి, పెద్ద చదువు చదివినవాడు. ఆయనకు ఏ కాలైనా ఒకటే. నాకు కాదు. ముసలి గొర్రె తోలు సూదిని వెనక్కి తోస్తుంది, మరీ లేతదైతే దారం లాగగానే చిరిగిపోతుంది. లోతొడ దగ్గర చర్మం ఉన్న వెనక కాలు చూసి ఏరుకుంటాను. పదహారేళ్ళు వంటవాడిగా మాంసం కోసినవాణ్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? సూది పొడవడం మాత్రం నారింజకాయల మీద నేర్పుతారు. కోర్సు అయ్యాక ఒళ్ళంతా నీళ్ళు ఎక్కిన ఆ కాయల్ని పారేసేదీ నేనే.

చివరి రోజు పరీక్ష. ప్లైవుడ్డుతో ఓడ గదిలా కట్టిన చిన్న గది, అందులో ఒక బల్ల, గోడకు గుండ్రటి కిటికీ బొమ్మ. నేను బల్ల మీద ఉంటాను. పక్క గదిలో డాక్టరు అష్రఫ్ ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. ఆయనకు మేము కనబడం, సముద్రంలో ఉన్నవాళ్ళు కనబడనట్టే. పరీక్షకు వచ్చినవాడు నాతో ఏ భాషలోనైనా మాట్లాడొచ్చు, డాక్టరుతో మాత్రం ఇంగ్లీషే. నన్ను అడిగి, చూసి, ఫారం నింపి, ఫోనులో డాక్టరుకు చెప్పాలి. పాతిక నిమిషాలు టైము. జ్వరం, నాడి, బీపీ రాసిన చీటీలు నా దిండు కింద ఉంటాయి. నోట్లో థర్మామీటర్ పెడితేనే జ్వరం చీటీ తీసి చూపించాలి, మణికట్టు పట్టుకుంటేనే నాడి చీటీ.

ఇంత పకడ్బందీగా పెట్టారు కదా, రోగాలు మాత్రం ఏడే. ఏడు కాగితాలు, ఏడు నంబర్లు. నాకు ఎక్కడ నొప్పి, ఎప్పుడు మొదలైంది, ఏం అడిగితే ఏం చెప్పాలి, అన్నీ వాటిలో ఉంటాయి. అవి మా సెంటరు గోడ దాటి ఎన్నడో వెళ్ళిపోయాయి. షువైఖ్ రేవులో ఏ టగ్గు మీద చూసినా, ఎవడో ఒకడి ఫోనులో ఏడింటికీ జవాబులు ఉంటాయి. బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ చివరి రోజు పొద్దున టీ కొట్టు దగ్గర ఎవడో ఒకడు నా పక్కన నిలబడతాడు. భాయ్, ఆజ్ కౌన్సా నంబర్? చెప్పేవాణ్ని. ఏడేళ్ళూ చెప్పాను. చెప్పకపోయినా నా మొదటి మూలుగుకే కనిపెట్టేస్తారు, నేను దాచి ఏం లాభం అనుకునేవాణ్ని.

అందుకే మా దగ్గర ఎవరూ ఫెయిలవరు.

ఆ మంగళవారం నా పక్కన నిలబడ్డవాడు సూర్యకిరణ్. కోనసీమ కుర్రాడు, ఇరవయ్యేడేళ్ళుంటాయి. సెకండ్ ఆఫీసరుగా అప్పుడే ప్రమోషన్ వచ్చింది. గొర్రె కాలు మీద కుట్లు చక్కగా వేశాడు, ముడి కూడా ఒంటిచేత్తో బిగించాడు. మాట తియ్యన. తెలుగువాణ్నని తెలిసిన మొదటి రోజు నుంచీ నన్ను బాబాయ్ గారూ అనే పిలిచాడు.

"బాబాయ్ గారూ, ఇయ్యాల ఏ నంబరండీ?" అన్నాడు టీ గ్లాసు నా చేతికిస్తూ.

"ఎందుకప్పా, చదువుకోలేదా నువ్వు?"

"ఆయ్, చదివానండి. ఏడూ నోటికొచ్చేసినయ్. కానీ కంగారులో అయిదుకి ఆరు చెప్పేత్తే గల్లంతైపోద్ది కదండీ. గురువారం షుఐబాలో బోటెక్కాలి నేను. ఈ కాగితం లేకపోతే నా బదులు ఇంకోణ్ని ఎక్కించేత్తామని మేనేజరు మొహమ్మీదే చెప్పేశాడండి."

"ఏం బోటది?"

ఫోను తీసి ఫొటో చూపించాడు. ఆయిల్ రిగ్గులకు సరుకు మోసే సప్లై బోటు, తెల్లగా కొత్త రంగు, ముందు కొత్త పేరు. నేను పేరు చూడలేదు. వెనక క్రేను పక్కన వంటగది కిటికీ ఉంది. దాని పైన ఇనుప కొక్కెం ఉంది. ఉల్లిపాయల సంచి తగిలించుకోవడానికి ఆ కొక్కెం వెల్డింగు చేయించింది నేను. పడవకు పేరు మార్చి రంగు వేస్తే లోపల జరిగినవి కూడా మారిపోతాయనుకుంటారు మనుషులు.

"నాలుగు," అన్నాను.

"నాలుగంటే అపెండిక్సే కదండీ?"

"అదే."

"చాలా థాంక్స్ బాబాయ్ గారూ," అంటూ రెండేసి మెట్లు ఎక్కి పైకి పోయాడు.

నేను అబద్ధం చెప్పలేదు. ఆ రోజు కాగితం నాలుగే.

ఎనిమిదేళ్ళ కిందటి వెంకటరాజు సంగతి చెప్పాలి. రాజంపేట దగ్గర మనిషి, ఆ బోటు మీద డెక్కు పనివాడు. నేను ఆ బోటుకే వంటవాణ్ని. పద్నాలుగు మందిలో ఇద్దరమే కడప జిల్లావాళ్ళం. మేము రిగ్గు దగ్గర ఉన్నప్పుడు అతనికి కడుపులో నొప్పి మొదలైంది. సంగటి చేసి పెడితే తిననివాడు కాదు, ఆ రోజు ముట్టలేదు. ఆఫీసరు దగ్గరకు పొమ్మన్నాను. పోనన్నాడు. నెల తిరిగితే ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్టు, రెన్యువల్ ఉంది. ఒకసారి అన్‌ఫిట్ అని రాశారంటే వీసా ఇచ్చిన కఫీల్ టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తాడు. ఆ భయం అతనికొక్కడికే కాదు, ఈ దేశంలో పనిచేసే ప్రతివాడికీ ఉంది. మెడికల్ రోజున దగ్గు ఆపుకోనివాడెవడో చూపించండి.

రెండో రోజుకు నడుము వంగిపోయింది. అప్పుడు ఫోర్‌మనే లాక్కెళ్ళి ఆఫీసరు ముందు నిలబెట్టాడు. ఆ ఆఫీసరు దగ్గర సర్టిఫికెట్ ఉంది. ఫ్రేము కట్టించి మరీ గోడకు పెట్టుకున్నాడు. కాగితంలో ఉన్న ప్రశ్నలన్నీ వరసగా అడిగాడు. వెంకటరాజు అన్నిటికీ ఒకటే చెప్పాడు: గ్యాస్ సార్. జ్వరం చూస్తే లేదు. కడుపు ఖాళీ కాలేదేమో అని ఈనో ఇచ్చి, విరేచనానికి మాత్ర ఇచ్చి, ఒడ్డుకు రేడియోలో కూడా గ్యాస్ అనే చెప్పాడు. మూడో రోజు లోపలే పగిలింది. షమాల్ గాలి లేచి మా బోటు ఒడ్డుకు చేరడం ఆలస్యమైంది. షుఐబా రేవు లైట్లు కనబడుతుండగా పోయాడు.

తర్వాత అందరినీ ప్రశ్నలు అడిగారు. కెప్టెన్ను అడిగారు, ఆఫీసర్ను, ఫోర్‌మన్ను అడిగారు. వంటవాణ్ని ఎవరూ అడగలేదు. ఎవడు తిన్నాడో ఎవడు తినలేదో ఓడ మొత్తం మీద తెలిసేది ఒక్క వంటవాడికే. నేను కూడా నోరు తెరవలేదు. ఆ కాంట్రాక్టు అయిపోగానే దిగిపోయాను. మళ్ళీ ఏ ఓడ మీదా పొయ్యి వెలిగించలేదు.

ఇప్పుడు అదే బోటు మందుల బీరువా తాళంచెవి ఈ కుర్రాడి జేబులోకి పోబోతోంది.

"యల్లా," అని గోడ అవతలి నుంచి డాక్టరు అరిచాడు. గడియారం మొదలైంది.

సూర్యకిరణ్ లోపలికొచ్చి తలుపేశాడు. మొహంలో దిగులు లేదు. చేతులు కడుక్కున్నట్టు చేసి, తొడుగులు వేసుకుని, బల్ల పక్కన నిలబడ్డాడు.

"నమస్తే అండి. నేను సెకండ్ ఆఫీసర్ని. ఏటి ఇబ్బంది?"

"ఏం ల్యా సార్. గ్యాస్."

నవ్వాడు. "నొప్పి ముందు బొడ్డు దగ్గర మొదలైంది కదండీ?"

"నొప్పి యాడుంది సార్? కొంచెం ఉబ్బరం, అంతే. ఫోర్‌మన్ ఊరకే లాక్కొచ్చినాడు."

"తర్వాత కుడేపుకి దిగింది, కింద."

"ల్యా సార్."

"వాంతులు రెండు సార్లు."

"నాకు వాంతులేంది సార్? రాయి తిన్నా అరాయించుకుంటా."

తలుపు వైపు చూసి, నా మీదికి వంగి గుసగుసగా అన్నాడు. "బాబాయ్ గారూ, నాలుగే కదా?"

"నాలుగో అయిదో నాకేం తెలుస్తాది సార్? నేను డెక్కు పనోణ్ణి."

కళ్ళు చిన్నవి చేసి నన్ను కాసేపు చూశాడు. ఆట పట్టిస్తున్నానేమో అనుకున్నాడు. తర్వాత మొహం ఎర్రబడింది. కుర్చీ లాక్కుని ఫారం మోకాలి మీద పెట్టుకున్నాడు. "సర్లెండి, మీరు చెప్పకపోతే నాకు రాదనుకుంటున్నారా?" అని రాయడం మొదలుపెట్టాడు. టకటకా రాసుకుపోయాడు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడికి జరిగింది, ఎన్ని వాంతులు. జ్వరం గడిలో ముప్పై ఎనిమిది పాయింట్ ఒకటి అని రాశాడు. థర్మామీటర్ ట్రేలోంచి కదల్లేదు. మూడొందల మందిలో రెండొందల మంది ఇంతే. జ్వరం చూడకుండానే జ్వరం రాస్తారు.

"ఆ మాట నేను అనలేదే సార్," అన్నాను.

"ఏ మాటండీ?"

"రాస్తాండావే, వాంతులని. ఎవరు చెప్పినారు నీకు?"

పెన్ను ఆగింది.

"జ్వరం కూడా రాసినావు. నా ఒంటి మీద చెయ్యన్నా పెట్టలేదు నువ్వు."

"బాబాయ్ గారూ, ఏటిది? గురువారం నా జాయినింగండీ. మీకు పొద్దున్నే చెప్పాను కదా."

"చెప్పినావు. గురువారం నుంచి పద్నాలుగు మంది నీ చేతిలో ఉంటారు. వాళ్ళు నాలుగో నంబరు అని మొహం మీద రాసుకోని రారు. అందరూ గ్యాస్ అనే చెప్తారు."

ఆ మాట రోగి అనాల్సింది కాదు. అయినా అనేశాను. గోడ మీద గడియారం ఎనిమిది నిమిషాలు చూపిస్తోంది.

వాడు రాసిన ఫారంతోనే ఫోనెత్తి చదివేసి ఉంటే పాసయ్యేవాడు. డాక్టరు దగ్గర ఉన్న నాలుగో కాగితంతో అక్షరం పొల్లు పోకుండా కలిసిపోయేది. వాడికా సంగతి తెలుసు, నాకూ తెలుసు. ఫోను వైపు చెయ్యి చాచాడు కూడా. వాడి చేతినే చూస్తూ పడుకున్నాను. వంటగది కిటికీలోంచి ఆ ఆఫీసరు గదిని చూస్తూ నిలబడ్డ రోజు కూడా ఇలాగే చూశాను.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఫారాన్ని రెండుగా చింపి బుట్టలో వేసి, ఇంకోటి తీశాడు.

"సరే. మొదట్నుంచీ," అన్నాడు. అది తనకు తాను చెప్పుకున్న మాట.

థర్మామీటర్ తీసి నా నోట్లో పెట్టాడు. దిండు కిందనుంచి చీటీ తీసి చూపించాను. ముప్పై ఏడు. అసలు చీటీ పొద్దున్నే తీసేసి, రెండో కాగితం చీటీ అక్కడ పెట్టాను. వాడి నుదురు ముడతలు పడింది. మణికట్టు పట్టుకున్నాడు. ఈ చీటీ మార్చలేదు. నూట నాలుగు.

"జ్వరం లేదు. నాడి మాత్రం పరిగెడతంది." చీటీ నా చేతికి తిరిగిచ్చాడు. "ఏమన్నా మాత్ర మింగారా?"

ఏడేళ్ళలో నన్ను ఈ ప్రశ్న అడిగినవాడు లేడు.

"ల్యా సార్," అన్నాను. కళ్ళు గోడ మీది కిటికీ బొమ్మ వైపు తిప్పుకున్నాను. అది నటన కాదు.

పొట్ట మీద చెయ్యి వేశాడు. వెచ్చటి చెయ్యి, తొందర లేని చెయ్యి. ఎడమ వైపు నుంచి మొదలుపెట్టి, నా మొహం చూస్తూ నొక్కుకుంటూ వచ్చాడు. కుడి వైపుకు రాగానే ఊపిరి బిగబట్టి నవ్వాను. వెంకటరాజు కూడా నవ్వాడు ఆ రోజు.

"నవ్వకండి. ఓసారి దగ్గండి."

దగ్గాను. నా కుడిచెయ్యి దానంతటదే పొట్ట కింది భాగం మీదికి పోయింది. కాగితంలో ఆ ముక్క లేదు. ఎక్కడ చూసి నేర్చుకున్నానో నాకు తెలుసు.

వాడు ఆ చెయ్యినే చూస్తూ ఉన్నాడు.

"మిమ్మల్ని దింపేత్తారని భయమా?"

"నాకేం భయం సార్?"

"ఇఖామా ఎప్పుడు అయిపోద్ది?"

"వచ్చే నెల."

"అదీ సంగతి," అని ఫోనెత్తాడు. ఇంగ్లీషులో మాట్లాడాడు, నాకు అర్థమైనంత రాస్తాను. డాక్టర్, రోగి తనకు నొప్పి లేదంటున్నాడు. జ్వరం లేదు. నాడి నూట నాలుగు. దగ్గితే కుడి వైపు పట్టుకుంటున్నాడు. అవతల డాక్టరు కాగితం తిరగేస్తున్న చప్పుడు నాకు గోడలోంచి వినిపించింది. నొప్పి లేకపోతే నన్నెందుకు పిలిచావు అన్నాడు ఆయన. ఎందుకంటే నేనతన్ని నమ్మడం లేదు డాక్టర్, అన్నాడు సూర్యకిరణ్. నమ్మకపోతే సరిపోదు, ఎప్పటినుంచి, ఏం తిన్నాడు, ఏం మందు పడింది, అవి కావాలి నాకు, అన్నాడు డాక్టరు.

ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. చెమట పట్టింది వాడికి. పంతొమ్మిది నిమిషాలు.

"చెప్పండి బాబాయ్ గారూ. ఎప్పుడు తిన్నారు మీరు?"

"మధ్యాన్నం తిన్నా. బిర్యానీ."

"నిజంగా?"

"అల్లా తోడు."

ఇంకా మూడు రకాలుగా అడిగాడు. మూడిటికీ అబద్ధమే చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలి తల పట్టుకున్నాడు. వాడు అడగాల్సిన మాట ఒకటుంది. అది నేర్పినవాళ్ళు లేరు, పుస్తకంలోనూ లేదు. అడుగుతాడేమోనని చూశాను. పాతిక నిమిషాలు దాటిపోయింది, ముప్పై కూడా దాటింది; చివరి ఫోను రానిదే డాక్టరు లేచి రాడు. అడగలేదు. ఎలా అడుగుతాడు? వెంకటరాజును చూసినవాడు కాదు కదా.

ఆ రోజు బోటు మీద కూడా నేను ఇలాగే చూస్తూ ఉండిపోయాను, ఎవరైనా వచ్చి అడుగుతారని.

లేచి కూర్చున్నాను. బల్ల దిగి, కాళ్ళ దగ్గర మడిచి ఉన్న తువ్వాలు తీసి భుజాన వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

"సార్," అన్నాను, "ఇప్పుడు నేను రోగిని కాదు. రోగి అదో, బల్ల మీద పడుకోని ఉండాడు. నేను వంటోణ్ణి. నన్నడగండి."

ఖాళీ బల్ల వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు. తర్వాత మెల్లగా లేచి నిలబడ్డాడు.

"వంటాయనా, ఈయన ఎప్పట్నుంచి తినట్లేదు?"

"రెండు దినాలాయ సార్. నిన్న సంగటి ముట్టలా. ప్లేటు తీసుకపోయి సముద్రంలో ఒంపినాడు, నేను చూసినా. ఈ పొద్దు టీ కూడా కక్కినాడు."

"నొప్పెక్కడన్నాడు?"

"ముందు బొడ్డు కాడ అన్యాడు. ఇప్పుడు కుడి పక్క. రాత్రంతా మోకాలు ముడుచుకోని పండుకున్నాడు."

"మందేమన్నా వేసుకున్నాడా?"

భుజం మీది తువ్వాలు సర్దుకున్నాను.

"రెండు పనడోల్. మీ కాడికి వచ్చే ముందు. జ్వరం కనపడకూడదని."

"ఎక్కడివి?"

"నా డబ్బాలోవి సార్. నేనే ఇచ్చినా."

వాడు నా మొహంలోకి ఒక్కసారి చూసి, ఫోనెత్తి, అన్నీ వరసగా చెప్పాడు. అపెండిక్స్ అని అనుమానం, నోటి ద్వారా ఏమీ ఇవ్వను, విరేచనం మాత్ర అసలే ఇవ్వను, మీరు చెప్పిన ఇంజెక్షన్ మొదలుపెడతాను, కెప్టెన్‌తో మాట్లాడి ఒడ్డుకు పంపే ఏర్పాటు చేస్తాను. అవతల నుంచి ఖలాస్, ఇక చాలు, అని వినిపించింది.

డాక్టరు అష్రఫ్ లోపలికి వచ్చాడు. చేతిలో నాలుగో కాగితం.

"యా లాల్, ఇది నాలుగో కాగితం కాదు," అన్నాడు తన అరబ్బీ హిందీలో.

"నాలుగే డాక్టర్. మనిషే వేరు."

"ఎవరు?"

చెప్పాను. పేరు, బోటు, ఏ సంవత్సరమో, పనడోల్ సంగతి. ఎనిమిదేళ్ళ తర్వాత ఒకరు అడిగారు, చెప్పాను. ఆయన నిలబడే విన్నాడు. చివరికి గడియారం చూశాడు.

"నలభై మూడు నిమిషాలు. షీటు ప్రకారం ఫెయిల్."

సూర్యకిరణ్ కుర్చీలో కూలబడ్డాడు.

"రేపు ఎనిమిదింటికి ఇంకోసారి రాయొచ్చు. రూలు ఒప్పుకుంటుంది. అది కూడా పోతే ఇక నా చేతిలో లేదు," అన్నాడు డాక్టరు. తలుపు దాకా వెళ్ళి నా వైపు తిరిగాడు. "రేపు ఏ కాగితమో నువ్వే చూసుకో."

ఏడేళ్ళలో ఆ సెంటర్లో నన్ను నువ్వే చూసుకో అన్నది అదే మొదటిసారి.

మెట్ల మీద సూర్యకిరణ్ నాకు అడ్డం వచ్చాడు. తియ్యటి మాటలు అయిపోయాయి.

"నా బోటు పోతే మీరిత్తారా బాబాయ్ గారూ? మా ఇంట్లో అందరూ నా మీదే ఉన్నారు. పొద్దున నాలుగని చెప్పి, పైకొచ్చాక ఇలా చేత్తారా? కావాలనే చేశారు మీరు."

"అవును. కావాలనే చేసినా."

"ఎందుకండీ? నేనేం చేశాను మీకు?"

"నువ్వెక్కేది ఆ బోటే నాయనా. పేరు మార్చినారు. వంటగది కిటికీ మీద కొక్కెం నాదే."

రెండు మెట్లు దిగినవాడు ఆగిపోయాడు. కింద టీ కొట్టువాడు మాకేసి చూస్తున్నాడు.

"ఆ వంటాయన ఇప్పుడేం చేత్తన్నాడు?" అన్నాడు చివరికి, నా వైపు చూడకుండా.

"పండుకుంటాండాడు. మిర్కాబ్‌లో."

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. బస్టాపు వరకు నా పక్కనే నడిచి, నా బస్సు వచ్చాక వెళ్ళిపోయాడు.

మర్నాడు టీ కొట్టు దగ్గర వాడు లేడు. నంబరు అడగడానికి ఎవరూ రాలేదు. నేను పైకెళ్ళి, కాగితాలు ఏడూ ముందేసుకుని, అయిదోది తీశాను. చక్కెర జబ్బు ఉన్న మనిషి, కాలి పుండు దాస్తాడు. దాచడం కాగితంలో లేదు, అది నేను చేర్చిందే. చీటీలు దిండు కింద పెట్టుకున్నాను. బల్ల పక్కన స్టూలు మీద నా టిఫిన్ డబ్బా పెట్టుకున్నాను, మూత కొంచెం తీసి. లోపల రెండు ఖుబూజ్ రొట్టెలు, తుంచకుండా.

యల్లా అని వినిపించింది.

సూర్యకిరణ్ లోపలికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్రపోయినట్టు లేడు. నా వైపు రాలేదు. ముందు గదంతా చూశాడు. స్టూలు దగ్గర ఆగి, డబ్బా మూత పూర్తిగా తీసి చూసి, మళ్ళీ పెట్టాడు. దుప్పటి కింద నా కాళ్ళు ఎక్కడున్నాయో చూశాడు. ఎడమ కాలికి సాక్సు ఉంది, కుడి కాలికి లేదు. అప్పుడు కుర్చీ లాక్కుని, దాదాపు నా మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"ఏటి ఇబ్బంది?" అన్నాడు.

"ఏం ల్యా సార్. గ్యాస్," అన్నాను.

"మరేనండి," అన్నాడు, ఎడమ కాలి సాక్సు మీద చెయ్యి వేస్తూ. "మీ వంటాయన్ని కూడా పిలవండి. ఇద్దర్నీ అడుగుతాను."

ఇరవై రెండో నిమిషంలో ఫోనెత్తాడు.